ఆల్బర్టా బర్క్ కూడబెట్టిన జేన్ ఆస్టెన్

ఇంగ్లిష్ నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ 1817 జూలై 18న వించెస్టర్‌లో చనిపోయారు. అప్పటికి ఆమె వయసు 41. పూర్తి చేసిన నవలలు ఆరు. ఆ ఆరింటిలో ఒక్కదానికి కూడా మొదటి నుంచి చివరి దాకా ఆమె చేతిరాత ప్రతి మిగల్లేదు. పుస్తకం అచ్చయ్యాక రాతప్రతితో ఇంకేం పని అనుకునే కాలం అది. ‘పర్స్యుయేషన్’ ముగింపు నచ్చక ఆమె పక్కన పెట్టిన రెండు అధ్యాయాలు మాత్రం, పక్కన పెట్టారు కాబట్టే దక్కాయి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఉత్తరాలదీ ఇదే వరస. అక్క కసాండ్రా 1845లో పోయారు. అంతకు రెండు మూడేళ్ల ముందు చెల్లెలి ఉత్తరాల్లో చాలా భాగం తగలబెట్టారు, ఉంచిన వాటిలో కొన్ని వాక్యాలు కత్తిరించేశారు. ఇవాళ లోకంలో లెక్కకు తేలేవి సుమారు 160.

ఇంత కొంచెం సరుకు మిగిలిన రచయిత్రి మీద ఒక వ్యక్తి సొంత డబ్బుతో, దాదాపు నలభై ఏళ్లు సేకరణ సాగించారు. ఆమె పేరు ఆల్బర్టా బర్క్. ఊరు అమెరికాలోని బాల్టిమోర్. 1928లో గౌచర్ కళాశాలలో చదువు పూర్తిచేసి, 1930ల నుంచి 1975లో చనిపోయేదాకా ఆస్టెన్‌కు సంబంధించినది ఏది దొరికినా కొన్నారు, కత్తిరించారు, అతికించారు. భర్త హెన్రీ బర్క్ ఆ పనిలో భాగస్వామి. 1979లో ఉత్తర అమెరికా జేన్ ఆస్టెన్ సొసైటీని స్థాపించిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఈ సేకరణను దగ్గరగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఖరీదైన ఉత్తరాలు, మొదటి ముద్రణలు ఆమె కొనకపోయినా ఇంకెవరో కొని భద్రపరిచేవారు. ఆమె లేకపోతే పూర్తిగా పోయేవి మాత్రం అప్పట్లో ఎవరూ పైసా ఇవ్వని కాగితాలే.

ఉత్తరాలు చెదిరిన తీరు

కసాండ్రా మిగిల్చిన ఉత్తరాల్లో పెద్ద భాగం మేనకోడలు ఫానీ నైట్‌కు చేరింది. ఆమె కుమారుడు లార్డ్ బ్రాబోర్న్ 1884లో వాటిని అచ్చువేశారు. అచ్చయ్యాక అసలు కాగితాలు అమ్ముకోవచ్చుననే లెక్కతో ఆ తర్వాతి పదేళ్లలో అవి వేలం పాటల్లోకి వచ్చాయి, విడివిడిగా చెదిరిపోయాయి. అందుకే ఒకే వారంలో రాసిన రెండు ఉత్తరాలు ఇవాళ రెండు ఖండాల్లో ఉండటం మామూలు. వాటిలో ఒకేచోట ఎక్కువగా చేరినది న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో. అక్కడున్నవి 51.

ఇంకో రకం నష్టం కుటుంబం చేతుల మీదుగానే జరిగింది. 1870లో మేనల్లుడు జేమ్స్ ఎడ్వర్డ్ ఆస్టెన్‑లీ మేనత్త జీవితచరిత్ర అచ్చువేశాక, ఆమె చేతిరాత కావాలని అభిమానులు అడగడం మొదలైంది. కుటుంబం వారు కాగితాలను ముక్కలుగా కోసి పంచారు. అలాంటి ముక్క ఒకటి ఆ జీవితచరిత్ర ప్రతిలోనే ఒక ఉత్తరానికి అతికించి ఉండగా, 2014లో వెస్ట్ డీన్ కళాశాల సంరక్షకులు విడదీశారు. కనిపించే వైపున ఆస్టెన్ చేత్తో ఎక్కించిన ఒక ప్రసంగభాగం ఉంది. ప్రార్థన మాటలను అలవాటుగా వల్లించడం గురించిన వాక్యం అది. వెనక వైపు ఏముందో దాదాపు నూటయాభై ఏళ్లపాటు జిగురు కిందే ఉండిపోయింది. సేకర్తలు, వారసులు చేసే పనుల్లో జిగురు పూయడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా పాడు చేసేది కూడా.

ఆస్టెన్ ఉత్తరం చేతికి వస్తే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. 1840కి ముందు బ్రిటన్‌లో తపాలా ఖర్చు సాధారణంగా అందుకున్నవారే కట్టేవారు. దూరాన్ని బట్టి, ఎన్ని కాగితాలున్నాయన్నదాన్ని బట్టి రుసుము. కవరు వేస్తే అదీ ఒక కాగితం కిందే లెక్క. కాబట్టి ఒకే పెద్ద కాగితాన్ని రెండుగా మడిచి నాలుగు పుటలు చేసుకుని, చివరి పుట మధ్యలో చిరునామాకు చోటు వదిలి, చుట్టూ ఉన్న అంచుల్లో కూడా రాసేవారు. చోటు చాలకపోతే కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసిన గీతల మీదే మళ్లీ రాసేవారు. ఉత్తరం మూయడానికి ముద్ర వేసినచోట, దాన్ని చించి తెరిచేటప్పుడు కాగితం ఊడి కొన్ని మాటలు పోవడం మామూలు. ఆస్టెన్ పేరుతో అమ్మకానికి వచ్చిన ఉత్తరంలో మడతలు లేకపోతే, చిరునామా లేకపోతే, ముద్ర ఊడిన చిరుగు లేకపోతే, అది తపాలాలో వెళ్లిన ఉత్తరమేనా అని అనుమానించాలి. ఎవరో ఎక్కించుకున్న నకలు కావచ్చు, లేదా మోసం కావచ్చు.

కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే నీటిముద్ర, అంటే తయారీలోనే మిల్లు వేసిన గుర్తు, కనిపిస్తుంది. 1794 నుంచి ఎగుమతి చేసే కాగితం మీద పన్ను తిరిగి పొందాలంటే సంవత్సరం అందులో ఉండాలన్న నిబంధన రావడంతో, చాలా ఇంగ్లిష్ మిల్లులు నీటిముద్రలో సంవత్సరం వేసేవి. ఇది ఒక హద్దు మాత్రమే చెబుతుంది. 1813 అని ఉన్న కాగితం మీద 1811 నాటి ఉత్తరం ఉండదు, కానీ 1816 నాటిది ఉండవచ్చు. పాత కాగితం కొత్త మోసగాడికి కూడా దొరుకుతుంది. పాత పుస్తకాల చివర ఖాళీ ఆకులు చించి అమ్మే వ్యాపారం ఎప్పటి నుంచో ఉంది.

మొదటి ముద్రణల దగ్గర చేసే పొరపాట్లు

సేకరణ మొదలుపెట్టినప్పుడు బర్క్ చేతిలో ఉన్న దారి చూపే పుస్తకం 1929లో జెఫ్రీ కీన్స్ తయారుచేసిన ఆస్టెన్ గ్రంథసూచి. ఏ ముద్రణ ఎప్పుడు వచ్చింది, ఎన్ని సంపుటాలు అన్నది అందులో చూసుకుంటూ వెళ్లారు. 1982లో డేవిడ్ గిల్సన్ దానికన్నా ఎన్నో రెట్లు పెద్ద సూచి వెలువరించారు. దానికి ఆధారమైన సేకరణల్లో ఆమెది ఒకటి. సూచిని చూసుకుంటూ కొన్న పుస్తకాలే కొత్త సూచికి ముడిసరుకు అయ్యాయి.

‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ తీసుకుందాం. 1813 జనవరిలో లండన్‌లో థామస్ ఎగర్టన్ అచ్చువేశారు. మూడు సంపుటాలు, అట్టల బైండింగుతో ధర 18 షిల్లింగులు. దాని హక్కులను ఆస్టెన్ 110 పౌండ్లకు అమ్మేశారు. మొదటి ముద్రణలో సంపుటాల పుటలు వరుసగా 307, 239, 323. అదే 1813లోనే రెండో ముద్రణ కూడా వచ్చింది. అంటే ముఖపత్రం మీద 1813 కనిపించినంత మాత్రాన మొదటి ముద్రణ అనుకోకూడదు. ‘రెండో ముద్రణ’ అన్న మాట ఉందా అని మూడు ముఖపత్రాలూ చూడాలి. ఒక్కటి చూస్తే చాలదు. పాత కాలంలో ఒక సంపుటం పోగొట్టుకున్నవారు ఇంకోచోట కొని కలిపేయడం మామూలే. పైన ఒకే రంగు తోలు బైండింగు ఉన్నా లోపల మొదటి సంపుటం ఒక ముద్రణది, మూడోది ఇంకో ముద్రణది అయివుండవచ్చు.

ఇంకో చిక్కు హాఫ్ టైటిల్. అసలు ముఖపత్రానికి ముందు పుస్తకం పేరు మాత్రమే ఉండే ఆకు అది. కొన్నవారు అట్టల బైండింగు తీయించి తోలు కట్టించుకునేటప్పుడు బైండరు ఈ ఆకును అనవసరమని తీసి పారేసేవాడు. మూడు సంపుటాల్లోనూ ఆ ఆకులు ఉన్న ప్రతికి, లేని ప్రతికి ధరలో చాలా తేడా ఉంటుంది. అందుకే ఇంకో ప్రతి నుంచి తీసిన హాఫ్ టైటిల్ తెచ్చి అతికించడం పాత పుస్తకాల వ్యాపారంలో ఎరిగిన పనే. పట్టుకోవడానికి మూడు చూపులు చాలు. ఆకు అంచు పక్క ఆకులతో సమానంగా ఉందా, పురుగు కొరికిన రంధ్రం ఉంటే అది పక్క ఆకుల్లోనూ అదే చోట కొనసాగుతోందా, ముఖపత్రం మీద పడ్డ మరక నీడ దీని మీద ఉందా. ఈ పుస్తకాలు పన్నెండాకుల మడతలు, అంటే ఒక కాగితం మడిస్తే 24 పుటలు. కుట్టు ఎక్కడ ఉండాలో లెక్కపెట్టుకుంటే కొత్తగా అతికించిన ఆకు దొరికిపోతుంది.

ఇవన్నీ డబ్బున్న ఏ సేకర్త అయినా నేర్చుకునే విషయాలే. బర్క్ చూపు ఎక్కడ తేడాగా ఉందంటే, 1816లో ఫిలడెల్ఫియాలో మాథ్యూ కేరీ అచ్చువేసిన ‘ఎమ్మా’ దగ్గర. ఆస్టెన్ బతికుండగా అమెరికాలో అచ్చయిన ఆమె నవల అదొక్కటే. ఆమె ఉత్తరాల్లో ఎక్కడా దాని ప్రస్తావన లేదు. రెండు సంపుటాలు, నాసి కాగితం, చూడటానికి ఏ ఆకర్షణా లేదు. లండన్‌లో జాన్ మరే వేసిన 1815 డిసెంబరు నాటి మూడు సంపుటాల ‘ఎమ్మా’ 2,000 ప్రతులు అచ్చయి నేటికీ వేలాల్లో కనిపిస్తుంటే, ఈ ఫిలడెల్ఫియా ముద్రణలో మిగిలినవి ఆరు ప్రతులని పరిశోధకుల లెక్క. అందులో ఒకటి బర్క్‌ది. లండన్ మొదటి ముద్రణను దాచుకోవాలని అందరికీ తెలుసు. అమెరికా ముద్రణను చదివేసి పారేశారు.

అనువాదాలూ అంతే. ఇసబెల్ ద మోంతోల్యూ 1815లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ని ఫ్రెంచిలోకి తనకు నచ్చినట్టు మార్చి తెచ్చారు. 1833లో బెంట్లీ కంపెనీ ఆరేసి షిల్లింగులకు ఒక్కో సంపుటంగా ఆస్టెన్ నవలలను మళ్లీ వేసింది. ఆ తర్వాత రైల్వే స్టేషన్లలో అమ్మిన చవక పసుపు అట్టల ముద్రణలు వచ్చాయి. ఈ చవకవి లక్షల మంది చేతికి చేరినవి, గ్రంథాలయాలు మాత్రం కొనలేదు. మంచి ముద్రణ ఉండగా చెత్త ముద్రణ ఎందుకన్నది వారి లెక్క. దాంతో ఆస్టెన్‌ను మామూలు పాఠకులు ఏ రూపంలో చదివారో తెలుసుకోవాలంటే ఇవాళ ప్రైవేటు అల్మరాలే దిక్కు.

కత్తిరింపుల పుస్తకాలు

బర్క్ సేకరణలో అన్నిటికన్నా అరుదైనదేదని అడిగితే, ఉత్తరం అనో ఫిలడెల్ఫియా ‘ఎమ్మా’ అనో చెప్పడం సులభం. కానీ ఆమె అతికించుకుంటూ వచ్చిన కత్తిరింపుల పుస్తకాలకు రెండో ప్రతి లేదు. పత్రికల్లో ఆస్టెన్ పేరు కనిపించిన వార్త, నాటక ప్రదర్శన కరపత్రం, సినిమా ప్రకటన, పుస్తక వ్యాపారుల సూచీలు, వారితో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు. ఒక రచయిత్రి పేరు రెండో ప్రపంచయుద్ధానికి ముందు నుంచి 1970ల దాకా ప్రజల మధ్య ఎలా తిరిగిందో చూపే రోజువారీ జాడ అది. విశ్వవిద్యాలయాలు అప్పట్లో ఇలాంటివి దాచేవి కావు. సినిమా ప్రకటనను సాహిత్యమని ఏ లైబ్రేరియన్ ఒప్పుకునేవాడు గనక.

వ్యాపారుల సూచీలకు ఇంకో ఉపయోగం ఉంది. ఏ వస్తువు ఏ నెలలో ఏ ధరకు అమ్మకానికి వచ్చిందో అందులో ఉంటుంది. యాభై ఏళ్ల తర్వాత ఒక ఉత్తరం కొత్తగా బయటపడి, ఇది ఫలానా కుటుంబం నుంచి వచ్చిందని చెప్పినప్పుడు, పాత సూచీలో దాని వర్ణన, కొలతలు, మొదటి వాక్యం దొరికితే ఆ మాట నిజమో కాదో తేలిపోతుంది.

చేతులు మారిన చరిత్రకు ఎంత విలువో ఆస్టెన్ ఉంగరం చెబుతుంది. బంగారంలో నీలి టర్కాయిస్ రాయి పొదిగిన చిన్న ఉంగరం, 2012 జూలైలో సోత్‌బీస్ వేలంలో 20,000 నుంచి 30,000 పౌండ్లు పలుకుతుందని అంచనా వేస్తే 1,52,450 పౌండ్లకు పోయింది. కొన్నది అమెరికా గాయని కెల్లీ క్లార్క్‌సన్. ఉంగరంతో పాటు 1863 నవంబరు నాటి ఒక చీటీ ఉంది. ఆస్టెన్ వదిన ఎలియనోర్, మేనకోడలు కరోలిన్‌కు రాసినది. ఇది మీ జేన్ అత్తది, నాకు నిశ్చితార్థం అయిందని తెలియగానే కసాండ్రా నాకిచ్చింది, నీకు వదిలి వెళ్తున్నాను అన్నది దాని సారం. ఆ చీటీ లేకపోతే అలాంటి ఉంగరాలు లండన్ పాత నగల కొట్లలో ఎన్నో దొరుకుతాయి. బ్రిటిష్ ప్రభుత్వం దేశం దాటకుండా తాత్కాలికంగా ఆపగా, ఆస్టెన్ నివసించిన ఊరు చాటన్‌లోని జేన్ ఆస్టెన్ హౌస్ మ్యూజియం విరాళాలు పోగుచేసి 2013లో దాన్ని తిరిగి కొనుక్కుంది. విరాళాల్లో ఒక్కటే, పేరు చెప్పని దాత ఇచ్చినది, లక్ష పౌండ్లు.

బర్క్ కూడా ఇలాంటి గొడవ మధ్యకే వచ్చారు, అయితే ముగింపు వేరు. 1948లో సోత్‌బీస్‌లో ఆస్టెన్ జుట్టుపాయ వేలానికి వస్తే ఆమె కొన్నారు. 1949లో చాటన్ ఇంటిని మ్యూజియంగా తెరిచే సందర్భంలో జరిగిన బ్రిటన్ జేన్ ఆస్టెన్ సొసైటీ సమావేశంలో, ఆ జుట్టుపాయ ఎవరో అమెరికన్ చేతికి పోయిందని వేదిక మీద విచారం వ్యక్తం చేశారు. సభలో కూర్చున్న ఆ అమెరికన్ లేచి, అది కొన్నది తానేనని, సొసైటీకి ఇచ్చేస్తానని ప్రకటించారు. జుట్టు ఇప్పటికీ చాటన్‌లోనే ఉంది. సేకర్తకు అన్నీ ఒకేలా ప్రియం కావని దీనితో తెలుస్తుంది. జుట్టు ఇచ్చేశారు. పత్రిక ముక్కలు మాత్రం చివరిదాకా దగ్గరే ఉంచుకున్నారు.

సేకర్త మాట నమ్మదగినదో కాదో తేల్చడం ఎందుకు ముఖ్యమో థామస్ జె. వైజ్ ఉదంతం ఎప్పటికీ గుర్తుచేస్తుంది. ఆయన లండన్‌లో పేరుమోసిన సేకర్త, గ్రంథసూచీల రచయిత. 19వ శతాబ్ది కవుల అరుదైన తొలి చిరుపుస్తకాలని చెప్పి దశాబ్దాల పాటు అమ్మినవాటిలో ఎన్నో ఆయనే అచ్చువేయించినవి. 1934లో జాన్ కార్టర్, గ్రాహం పోలార్డ్ వాటిని బట్టబయలు చేశారు. 1861కి ముందువని ముఖపత్రం చెబుతున్న కొన్ని పుస్తకాల కాగితాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే ఎస్పార్టో గడ్డి పోగులు కనిపించాయి. ఆ గడ్డితో బ్రిటన్‌లో కాగితం చేయడం 1861 నుంచే. రసాయనాలతో ఉడికించిన చెక్క గుజ్జు ఇంకా తర్వాతిది. అక్షరాల అచ్చుల్లో కూడా తేదీకి పొంతన లేని ఆకారాలు దొరికాయి. ముఖపత్రం ఏమన్నా చెప్పవచ్చు, గడ్డిపోగు తన వయసే చెబుతుంది. ఇక్కడ సేకర్తే వ్యాపారి, సేకర్తే సూచీ రచయిత, సేకర్తే సాక్షి కావడం వల్ల మోసం అంతకాలం నిలిచింది.

పంపకం ఎలా చేశారు

1975 నాటి వీలునామా ప్రకారం బర్క్ ఉత్తరాలు, రాతప్రతులు మోర్గన్ లైబ్రరీకి వెళ్లాయి. పుస్తకాలు, కత్తిరింపులు, మిగతా కాగితాలు గౌచర్ కళాశాలకు వెళ్లాయి. సేకరణను విడగొట్టకూడదని చెప్పే నియమానికి ఇది విరుద్ధంగా కనిపిస్తుంది. ఆచరణలో మాత్రం మంచి నిర్ణయమే. అప్పటికే మోర్గన్‌లో ఆస్టెన్ అచ్చుకు ఇవ్వని చిన్న నవల ‘లేడీ సుసాన్’ రాతప్రతి, సగంలో ఆపేసిన ‘ద వాట్సన్స్’ తొలి పుటలు, పెద్ద ఉత్తరాల సముదాయం ఉన్నాయి. విడిపోయిన ఉత్తరాలు మళ్లీ వాటి పక్కకు చేరాయి, కాపలా, వాతావరణ నియంత్రణ సిద్ధంగా ఉంది. కళాశాలకు వెళ్లినవి విద్యార్థులు చేత్తో పట్టుకుని చదవగలిగేవి. ‘ద వాట్సన్స్’ మిగతా భాగం 2011లో 9,93,250 పౌండ్లకు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీకి చేరింది. ఆ ధర చూస్తే, ఒక చిన్న కళాశాల మీద అలాంటి కాగితాల బీమా, భద్రతల భారం వేయకపోవడం ఎంత ముందుచూపో అర్థమవుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ హోన్రెస్‌ఫీల్డ్ లైబ్రరీ. ఉత్తర ఇంగ్లండులో మిల్లు యజమాని విలియం లా పోగుచేసిన సంపద అది. బ్రాంటీ సోదరీమణుల రాతప్రతులతో పాటు ఆస్టెన్ అక్కకు రాసిన రెండు ఉత్తరాలు కూడా అందులో ఉన్నాయి. 1939లో దాన్ని అందుకున్న వారసుడు పోయాక దశాబ్దాల పాటు పరిశోధకుల కంటికి పడలేదు. 2021లో సోత్‌బీస్ మూడు విడతల వేలం ప్రకటించడంతో, బ్రిటన్ గ్రంథాలయాల మిత్రమండలి గడువు అడిగి 1.5 కోట్ల పౌండ్లకు పైగా కూడగట్టి మొత్తంగా కొన్నది. సగం ఇచ్చింది వ్యాపారవేత్త లియొనార్డ్ బ్లావట్నిక్. వీలునామాలో రెండు వాక్యాలు రాసి ఉంటే ఇంత పని ఉండేది కాదు.

కాగితం ఎందుకు చస్తుంది

ఆస్టెన్ కాలపు సిరా ఇంట్లోనే తయారయ్యేది. వారింట్లో కలిసి ఉన్న మార్తా లాయిడ్ వంటల పుస్తకంలో దాని పాళ్లు ఉన్నాయి. మాచికాయలు 4 ఔన్సులు, అన్నభేది 2 ఔన్సులు, తుమ్మజాతి బంక ఒకటిన్నర ఔన్సు. బంకను, అన్నభేదిని రోట్లో దంచి, ఒక పైంటు ఘాటైన నిలవ బీరు, ఒక పైంటు పలుచని బీరు కలిపిన దానిలో వేయాలి. కొంచెం చక్కెర. పొయ్యి మూలలో 14 రోజులు ఉంచి, రోజుకు రెండు మూడుసార్లు కుదపాలి. మాచికాయల వగరు, అన్నభేదిలోని ఇనుము కలిస్తే నల్లరంగు వస్తుంది. చిక్కేమంటే, పాళ్లలో ఇనుము ఎక్కువైతే మిగిలిపోయిన ఇనుము, దానితో పుట్టే ఆమ్లం కాగితాన్ని నెమ్మదిగా కాలుస్తాయి. ముందు అక్షరం గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత చుట్టూ మచ్చ, ఆపైన అక్షరం ఉన్నచోట చిల్లు.

ఇలాంటి సిరా ఉన్న కాగితానికి తడి తగలకూడదు. తడితో ఇనుము పక్కకు పాకుతుంది. మైదా జిగురుతో చిరుగులు అతికించడం, ఇస్త్రీ పెట్టడం, తడిబట్టతో తుడవడం అన్నీ హానే. ఇనుమును పట్టిచ్చే రసాయనం బాథోఫెనాంత్రోలిన్ పూసిన చిన్న పట్టీని స్వేదనజలంతో తడిపి, అద్దుడు కాగితంతో దాదాపు ఆర్చి, సిరా మీద క్షణాలపాటు ఆనిస్తే, మిగులు ఇనుము ఉన్నచోట పట్టీ గులాబీ రంగుకు మారుతుంది. చికిత్సకు కాల్షియం ఫైటేట్ ద్రావణం వాడతారు గానీ, అది శిక్షణ పొందిన సంరక్షకుల పని.

కత్తిరింపుల జబ్బు వేరు. పత్రికా కాగితంలో చెక్కను నూరి వేస్తారు, లిగ్నిన్ అలాగే ఉండిపోతుంది. వెలుతురు, గాలి తగిలితే పసుపై, పెళుసై, ఆమ్లం పక్క పుటకు కూడా అంటుతుంది. సెలోటేపు మొదట జిగటగా కారుతుంది, తర్వాత ప్లాస్టిక్ ఊడి గోధుమరంగు చార మిగులుతుంది. ఆ చారను తీయడం దాదాపు అసాధ్యం. కత్తిరింపుల పుస్తకాన్ని విప్పి ముక్కలు విడదీయాలని చాలామందికి అనిపిస్తుంది. విప్పకూడదు. ఏ ముక్క పక్కన ఏది అతికించారన్నదే సేకర్త ఆలోచన. ముందు ప్రతి పుటనూ పూర్తిగా ఫొటో తీయాలి, మడిచిన ముక్కలను మూసి ఒకటి, తెరిచి ఒకటి. తర్వాత పుటల మధ్య ఆమ్లరహిత పలుచని కాగితం వేయాలి, కానీ పుస్తకం లావెక్కి కుట్టు తెగేంతగా కాదు. పడుకోబెట్టే పెట్టెలో ఉంచాలి. గుండుసూదులు, క్లిప్పులు తుప్పు పట్టకముందే తీయాలి. సంఖ్యలు వేయాలంటే పెన్సిలుతోనే.

తెలుగు నేల మీద ఇదంతా మరీ అవసరం. మన నవలల్లో ఎన్నో వారపత్రికల్లో ధారావాహికలుగా వచ్చినవి. పాఠకులు వారం వారం పేజీలు చించి బైండు చేయించుకున్న ప్రతుల్లో, పుస్తకంగా వచ్చినప్పుడు తీసేసిన భాగాలు, బొమ్మలు, ప్రకటనలు ఉంటాయి. ఆ పత్రికా కాగితం లండన్ అల్మరాలో పసుపెక్కడానికి పట్టే కాలం కన్నా కోస్తా ఊళ్లో చాలా త్వరగా పోతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలబడితే బూజు మొదలవుతుంది, వర్షాకాలంలో మనకది సాధారణం. ఏసీ ఉదయం నడిపి రాత్రి ఆపడం కన్నా అసలు లేకపోవడమే మేలు. ఎక్కువ తక్కువలే కాగితాన్ని ఎక్కువగా అలసిపెడతాయి. ఇనుప బీరువాను గోడకు జానెడు దూరంలో, నేలకు ఎత్తులో పెట్టాలి. నాఫ్తలీన్ ఉండలు కాగితానికి తగలకూడదు, చెదలను అవి ఆపవు కూడా. 2000 ఆగస్టు వరదలో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం పుస్తకాలు నీట మునిగాయి. తడిసిన కాగితం విషయంలో గడువు రెండు రోజులు. ఆలోగా ఆరబెట్టలేనంత ఉంటే సంచుల్లో కట్టి గడ్డకట్టించాలి. అప్పుడు బూజు ఆగుతుంది, తర్వాత కొద్దికొద్దిగా ఆరబెట్టుకోవచ్చు.

ఇక లామినేషన్. తాత రాసిన ఉత్తరాన్ని జిరాక్సు కొట్టుకు తీసుకెళ్లి ప్లాస్టిక్ తొడుగు వేయించడం మన దగ్గర భద్రపరచడం అనుకుంటారు. వేడికి కరిగిన జిగురు పోగుల్లోకి దిగిపోతుంది, మళ్లీ తీయడం కుదరదు, లోపలి ఆమ్లం లోపలే ఉండిపోతుంది. అంచులు అతికించని పాలియెస్టర్ పారదర్శక కవరు ఆ పని అంతకన్నా బాగా చేస్తుంది.

కాగితం ఒకరిది, హక్కు ఇంకొకరిది

ఉత్తరం కొన్నవారికి కాగితం మీద మాత్రమే యాజమాన్యం. అందులోని మాటలను అచ్చువేసే హక్కు రచయిత వారసులది. బ్రిటన్‌లో ఇది విచిత్రమైన ఫలితానికి దారితీసింది. 1988 చట్టం వచ్చేనాటికి అచ్చుకాని పాత రచనలకు కాపీరైటు 2039 చివరి దాకా నడుస్తుంది. అంటే కసాండ్రా మంట తప్పించుకున్న ఆస్టెన్ ఉత్తరం ఒకటి రేపు దొరికినా, రెండు శతాబ్దాల కిందటి ఆ మాటలకు ఇంకా హక్కుదారు ఉన్నట్టే.

భారత చట్టంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లు కాపీరైటు. చనిపోయాక తొలిసారి అచ్చయిన రచనకు ఆ అచ్చు నాటి నుంచి 60 ఏళ్లు. ప్రజలు చూడగల గ్రంథాలయంలో లేదా మ్యూజియంలో ఉన్న అచ్చుకాని రచనను, రచయిత పోయి 60 ఏళ్లు దాటితే, పరిశోధన కోసం నకలు చేసుకోవచ్చు. మరో చట్టం 1972 నాటి పురావస్తువులది. 75 ఏళ్లు దాటి సాహిత్య, చారిత్రక విలువ ఉన్న రాతప్రతి పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అమెరికాలో స్థిరపడి, ఇంటి అటక మీది తాతగారి నవల రాతప్రతిని సూట్‌కేసులో పెట్టుకెళ్దామనుకునేవారు చాలామందికి ఈ నియమం తెలియదు. స్కాన్ తీసుకెళ్లడానికి ఈ చట్టం అడ్డురాదు.

ఏదైనా సంస్థకు సేకరణ ఇచ్చేటప్పుడు దానపత్రంలో కాగితాల యాజమాన్యం ఒక వాక్యంగా, కాపీరైటు వేరే వాక్యంగా, సంస్థ తీసేయదలచుకున్న అదనపు ప్రతులను ఏం చేయాలన్నది మూడో వాక్యంగా రాయించాలి. ఎక్కువ సంస్థల నమూనా పత్రాల్లో మొదటిది మాత్రమే ఉంటుంది.